డేకేర్ నుంచి రాగానే కొరుకుతున్నాడు, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మేడం, మాది నెల్లూరు వేదాయపాళెం. నేను బ్యాంకులో చేస్తా, మావారు కృష్ణపట్నం పోర్టులో. బాబుకి రెండున్నరేళ్లు, ఉగాది నుంచి డేకేర్‌లో వేస్తున్నాం, పొద్దున ఎనిమిదిన్నరకి దింపితే సాయంత్రం ఆరున్నర అవుతుంది తెచ్చుకునేసరికి. అక్కడ బుద్ధిగా ఉంటాడంట, ఇంటికి రాగానే నన్ను కొరుకుతాడు, గిన్నె విసిరేస్తాడు, కింద పడి దొర్లుతాడు. కావలిలో ఉండే మా అత్తయ్య "బిడ్డని ఎవరి చేతుల్లోనో పెడితే ఇట్టనే అవుతాడు, ఉద్యోగం మానేయ్" అంటున్నారు. నిజంగా డేకేర్ వల్లేనా?

జవాబు: అమ్మా, మీ అత్తయ్య మాటలో కొంత నిజముంది, ఉద్యోగం మానేసేంత మాత్రం లేదు. అమెరికాలో 1991లో పుట్టిన 1,300 మందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు, ఎక్కువ గంటలు డేకేర్‌లో ఉన్నవాళ్లలో కొట్టడం, మాట వినకపోవడం కాస్త ఎక్కువగా కనిపించింది, కానీ తేడా చిన్నది, చాలామంది మామూలుగానే ఉన్నారు. బాగా చూసుకునే డేకేర్‌కి వెళ్లినవాళ్లకి మాటలు బాగా వచ్చాయి కూడా. అన్నిటికంటే ఎక్కువ ప్రభావం ఇంట్లో అమ్మానాన్నలు మసలుకునే తీరుదేనని తేలింది.

మీవాడి విషయంలో నాకు కనిపించేది ఆ పది గంటలే. రెండున్నరేళ్ల బిడ్డకి అది చాలా ఎక్కువమ్మా. అంతసేపు నలుగురిలో అణుచుకుని కూర్చున్నవాడు అమ్మ కనపడగానే బయటపెడతాడు, ఆ వయసులో చెప్పుకోడానికి మాటలు చాలవు కాబట్టి పళ్లే వాడతాడు. అత్తయ్యగారు కొన్నాళ్లు మీ దగ్గరుండి నాలుగింటికే తీసుకురాగలరేమో అడగండి, ఆమె బాధకీ అదే మందు.

ఇంటికి రాగానే వంటగదిలోకి, ఫోన్‌లోకి పోకుండా ఏదన్నా తినిపించి కాసేపు ఒళ్లో పెట్టుకోండి. కొరికితే చెయ్యి పట్టి "కొరకకూడదు, నొప్పి" అని ఒక్కసారి చెప్పండి చాలు. తిరిగి కొరకడం, వాత పెడతానని బెదిరించడం అస్సలొద్దు, మన ఇళ్లల్లో ఇదొకటి ఎప్పటికి పోతుందో.

ఇంకో పని, చెప్పకుండా ఒక మధ్యాహ్నం డేకేర్‌కి వెళ్లి చూడండి. ఒక్క ఆయా ఎంతమందిని చూస్తోంది, ఆయాలు మాటిమాటికీ మారిపోతున్నారా, టీవీ పెట్టి కూర్చోబెడుతున్నారా, పలకలిచ్చి ఏబీసీడీలు దిద్దిస్తున్నారా? 2020 జాతీయ విద్యా విధానమే చిన్నపిల్లల చదువు ఆటపాటలతో ఉండాలంటోంది, రెండున్నరేళ్లవాడికి దిద్దుడెందుకు?

ఒంటిమీద దెబ్బలున్నా, అక్కడ ఎవర్నన్నా చూసి హడలిపోతున్నా వెంటనే మాన్పించేయండి. పిలిస్తే పలక్కపోయినా, రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా డేకేర్‌ సంగతి పక్కనపెట్టి ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.