టైల్స్ మేస్త్రీ అడుగుకి 28 అడిగితే ఎక్కువా?

విజయనగరం బాబామెట్టలో 900 చదరపు అడుగుల ఇల్లు, రెండడుగుల వెట్రిఫైడ్ టైల్స్. మేస్త్రీ గారు వేసే కూలీయే ఫ్లోరుకి చదరపు అడుగుకి 28 రూపాయలు, బాత్‌రూం గోడలకి 45 అంటున్నారు. బొబ్బిలిలో మీ బావగారు 18కే వేయించారు కాబట్టి మనల్ని మోసం చేస్తున్నారా అని మీ అనుమానం.

నా లెక్కలో అది మోసం రేటేమీ కాదు. కానీ ఆ 28కి ఏమేం చేస్తారో తేలకుండా సరే అనకండి, కుదరదనీ అనకండి. ఆ 18, ఈ 28 ఒకే పనికి చెప్పిన రేట్లు కాకపోవచ్చు.

మేం శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకునేటప్పుడు మా వారి ఉద్యోగం వేరే ఊళ్ళో. మేస్త్రీలతో మాటలు, లెక్కలు అన్నీ నేనే చూసుకున్నాను. అడిగిన ప్రతివారూ ఒక్కో రేటు చెప్పారు. అన్నీ కాగితం మీద పెట్టి చూస్తే, అందరికంటే తక్కువ చెప్పినాయన రేటులో స్కర్టింగ్, అంటే గోడ అడుగున చుట్టూ వేసే టైల్ పట్టీ, లేదు. అది చిన్న ఖర్చనుకుంటాం. పది బై పన్నెండు గది తీసుకోండి. నేల 120 చదరపు అడుగులు, కూలీ అడుగుకి 22 అనుకుంటే 2,640 రూపాయలు. చుట్టుకొలత 44 అడుగులు, గుమ్మానికి మూడడుగులు తీసేస్తే 41. స్కర్టింగ్ రన్నింగ్ అడుగుకి 18 వేసుకున్నా 738 అవుతుంది. మొత్తం 3,378. 22 అన్న రేటు అడుగుకి 28 దాటిపోయింది చూడండి. మీ బావగారి 18లో స్కర్టింగ్ ఉందో లేదో, అది ఏ సంవత్సరం మాటో ముందు కనుక్కోండి.

రేటు న్యాయమైనదా కాదా అని చూడటానికి నాకు బాగా పనికొచ్చింది రోజు కూలీ లెక్క. మీ వీధిలో మేస్త్రీకి రోజుకి 1,000, హెల్పర్‌కి 700 నడుస్తోందనుకోండి. ఇద్దరూ కలిసి సిమెంటు బెడ్ (టైల్ కింద పరిచే సిమెంటు మాలు) మీద రెండడుగుల టైల్స్ రోజుకి వంద అడుగులు శుభ్రంగా వేశారంటే కూలీయే అడుగుకి 17 పడుతుంది. దాని మీద కటింగ్ మిషను, బ్లేళ్ళు, పని లేని రోజులు, గుత్తకి తీసుకున్నందుకు ఆయనకి మిగలాల్సింది ఉంటాయి. 22, 24 దగ్గరకి వస్తుంది. ఇంతకంటే బాగా తక్కువకి ఒప్పుకున్నాయన రోజుకి 200 అడుగులు లాగించేయాలని చూస్తారు. ఆ తొందరలో బెడ్ సరిగా కూరకుండా టైల్ పెట్టేస్తారు, అడుగున ఖాళీ ఉండిపోతుంది. పైకి అద్దంలా ఉంటుంది గానీ, మంచం కోడు పడ్డ రోజున చిట్లుతుంది. అప్పుడు పోయేది కూలీ ఒక్కటే కాదు, టైలూ పోతుంది.

బాత్‌రూం గోడల్లో అదే జంట రోజుకి యాభై అడుగులు వేస్తే గొప్ప. పైపుల దగ్గర కన్నాలు, కిటికీ చుట్టూ ముక్కలు, మూలల్లో 45 డిగ్రీల కటింగ్. 1,700ని యాభైతో భాగిస్తే 34 వస్తోంది కదా, మిగతావన్నీ కలిపి 45 అడగటంలో తప్పేం లేదు. అక్కడ బేరం కంటే పని మీదే పట్టు పట్టండి. నేల టైల్స్ పరిచాక ఒక చెంబు నీళ్ళు మూల నుంచి పోసి చూడండి. నీళ్ళు ట్రాప్ (నీళ్ళు బయటికి పోయే కన్నం) వైపు వాటంతట అవే పోవాలి. చీపురుతో తోస్తే గానీ కదలకపోతే ఆ రోజే చెప్పాలి. సిమెంటు గట్టిపడ్డాక వాలు మార్చాలంటే పగలగొట్టడమే.

కొలత కూడా ముందే మాట్లాడుకోండి. రెండడుగుల టైల్ అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లే, రెండడుగులకి ఒక సెంటీమీటరు తక్కువ. నాలుగు టైల్స్ పెట్టెని షాపులో 16 అడుగులంటారు, నిజానికి వచ్చేది పదిహేనున్నర. మీ 900 అడుగులకి వేస్టేజీ కలపకముందే రెండు పెట్టెలు తక్కువ పడతాయి. కూలీ మాత్రం పెట్టెల లెక్కన వద్దు. అలా ఇస్తే కోసి పారేసిన ముక్కలకీ కూలీ ఇచ్చినట్టే. పరిచిన నేల, వేసిన గోడ టేపుతో ఇద్దరూ కలిసి కొలిచి రాసుకోండి.

ఇంకో సంగతి బెడ్ మందం. మా హాల్లో ఒక మూల శ్లాబు దిగి ఉంది. మేస్త్రీ గారు లెవెల్ గొట్టం పట్టి, "ఇక్కడ మూడంగుళాలు మాలు పడతాదమ్మా, రేటు కిట్టదు" అన్నారు. నేనే చూశాను కాబట్టి ఆ మూలకి వేరుగా ఇచ్చాను. రెండంగుళాలు దాటితే ఎంత అదనమో పని మొదలు కాకముందే తేల్చుకుంటే తర్వాత మాట తేడా రాదు. టైల్స్ మేడ మీదకి మోయాల్సి ఉంటే ఆ మోత కూలీ, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ ఎపాక్సీది వేయిస్తే దాని కూలీ ఎవరిదో కూడా అడగండి.

గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకున్నారా? పెట్టుకున్నా బేరమాడేటప్పుడు ఆ తేదీ చెప్పకండి. మాఘంలో, వైశాఖంలో ముహూర్తాల వేళ మంచి మేస్త్రీలు దొరకరు, దొరికినవారు మన తొందర చూసి రేటు చెప్తారు.

నేనైతే స్కర్టింగ్, మోత, మామూలు గ్రౌటింగ్ అన్నీ కలిపి 28 అంటే ఒప్పేసుకుంటాను. స్కర్టింగ్ విడిగా అంటే 24 దగ్గర ఆగమంటాను. డబ్బు గది గదికీ ఇస్తూ, పదో వంతు ఆపి ఉంచండి. బెడ్ ఆరాక, గ్రౌట్ వేయకముందు చిన్న కర్రముక్కతో ప్రతి టైల్ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. డొల్లగా మోగినవాటి మీద చాకుపీసుతో గుర్తు పెట్టి, అవి తీసి మళ్ళీ వేశాకే మిగతాది ఇవ్వండి. ఈ షరతు మొదటి రోజే చెప్పండి, పని తెలిసిన మేస్త్రీ దీనికి ఏమీ అనుకోరు.

మీ గదుల కొలతలు, స్కర్టింగ్ సంగతి చెప్తే మొత్తం ఎంతవుతుందో లెక్క వేసి ఇస్తాను.