కార్ ఆఫ్ ద ఇయర్ అని నమ్మి కొన్నాను, కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. మద్దిలపాలెంలో ‘జాతీయ కార్ ఆఫ్ ద ఇయర్, ఆరు ఎయిర్‌బ్యాగులు’ అని తెలుగు హోర్డింగ్ చూసి, ఏడాది క్రితం 11.5 లక్షలు పెట్టి కారు కొన్నాను. సంపత్ వినాయక గుడి దగ్గర పూజ చేయించి ఇంటికి తెచ్చాక చూస్తే ఎయిర్‌బ్యాగులు రెండే. ‘‘ఆరు టాప్ వేరియంట్‌కే సార్’’ అన్నారు షోరూమ్ వాళ్లు. పైగా సింహాచలం ఘాట్ ఎక్కితే క్లచ్ వణుకుతోంది. మూడుసార్లు సర్వీసుకిచ్చినా అంతే. అవార్డు ఇచ్చిన జర్నలిస్టుల మీద కూడా కేసు వేయొచ్చా? హోర్డింగ్ ఫొటో పంపుతున్నాను.
- ఓ పాఠకుడు

జవాబు: జర్నలిస్టుల జోలికి వెళ్లకండి. ఆ ఏడాది వచ్చిన కొత్త మోడళ్లను వాళ్లు నడిపి చూసి ధర, మైలేజీ, భద్రత, మన రోడ్లకు పనికొస్తుందా లేదా అన్నవి బేరీజు వేసి మార్కులిస్తారు. ఇండియన్ కార్ ఆఫ్ ద ఇయర్ అవార్డునే తీసుకోండి. స్విఫ్ట్‌కి 2006, 2012, 2019లో మూడుసార్లు వచ్చింది. అంటే పోలిక ఆ ఏటి మోడళ్ల మధ్యే. మీ ఇంటి ముందున్న బండికి వాళ్లెవరూ గ్యారంటీ ఇవ్వలేదు. మీరు వాళ్లకు రూపాయి కూడా కట్టలేదు కాబట్టి, చట్టం ప్రకారం వాళ్లకు మీరు వినియోగదారు కారు. (ఈ ‘కారు’తో మాత్రం కేసు నడవదు!)

మీ అసలు బలం హోర్డింగ్‌లో ఉంది. ఫొటో పెద్దది చేసి చూశాను. అడుగున బూడిద రంగులో, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ‘కొన్ని వేరియంట్లకు మాత్రమే’ అన్న అర్థం వచ్చే ముక్క ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లిష్‌లో తప్పించుకుంటే కుదరదు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(28) ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. అవార్డు వచ్చిన మాట నిజమే కావచ్చు. ఆ పేరు పక్కన ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టి అన్ని వేరియంట్లకూ ఉన్నట్టు నమ్మించడమే తప్పు.

అయితే ఒక్క మాట. బుకింగ్ ఫారం తీసి చూడండి. మీరు సంతకం చేసిన కాగితంలో ‘రెండు ఎయిర్‌బ్యాగులు’ అని స్పష్టంగా ఉంటే ఈ వాదన పలచబడుతుంది. గెలిచినా నష్టపరిహారం అడగగలమే తప్ప, మిగతా నాలుగూ బిగించి ఇమ్మని అడగలేం.

క్లచ్ సంగతి వేరు. అది ప్రకటన గొడవ కాదు, వస్తువులో లోపం. కారే మార్చి ఇవ్వాలని చాలామంది పట్టుబడతారు. వారంటీలో ఉన్నది పాడైన భాగం మార్చడమే అయితే మొత్తం బండి మార్చమనలేమని 2006లో ఓ కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి క్లచ్ అసెంబ్లీ మార్పు, తిరిగిన ఖర్చులు, పరిహారం అడగండి. తయారీ లోపమని వాదిస్తే వినియోగదారుల కమిషన్ బండిని పరీక్షకు పంపొచ్చు, దానికి ఫీజు ముందు మీరే కట్టాలి.

డీలరుకీ, కంపెనీకీ కలిపి నోటీసు పంపి 15 రోజులు చూడండి. కదలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు ఇక్కడ ఉంటున్నారు కాబట్టి ఇక్కడే వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తానికి ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు, అందులో ఏడాది అయిపోయింది. లాయరు తప్పనిసరి కాదు, మా లాయర్లకు ఈ మాట నచ్చకపోయినా.

ఈలోగా నాలుగోసారి సర్వీసుకి ఇచ్చేటప్పుడు మెకానిక్‌ని ఎక్కించుకుని సింహాచలం ఘాట్ మీదికి తీసుకెళ్లండి. కిందికి దిగాక జాబ్ కార్డులో ‘చెక్ చేశాం, ఓకే’ అని రాస్తే సంతకం పెట్టొద్దు. ‘ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ వణుకు’ అని రాయించి, దాని కాపీ తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.