మెమరీ ఫోమ్ పరుపు కొనాలా, టాపర్ చాలా? మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మా కాయిర్ పరుపు పాతబడిపోయింది, మార్చేద్దామనుకుంటున్నాం. నాకు నడుం నొప్పి, మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. షోరూమ్‌లో మెమరీ ఫోమ్ పరుపు మీద పడుకుంటే హాయిగా ఉంది, ఇద్దరికీ అదే తీసుకుందామన్నాను. మావారేమో బెజవాడ ఎండల్లో దాని మీద పడుకోలేం, అసలు నడుం నొప్పికి గట్టి పరుపే మంచిది అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఎండ సంగతిలో మీవారి మాట నిజమేనండి, గట్టి పరుపు సంగతి మాత్రం పూర్తిగా నిజం కాదు.

ముందు ఎండ గురించి చెప్తాను ఎందుకంటే షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. ఈ ఫోమ్‌ని 1966లో నాసా వాళ్ళ కోసం విమానం సీట్లలో వాడదామని తయారుచేశారు, దాని గుణం ఏంటంటే వేడి తగిలితే మెత్తబడుతుంది చల్లగా ఉంటే బిగుస్తుంది. మన ఒంటి వేడికి భుజం దగ్గర, తుంటి దగ్గర మెత్తబడి ఒంటికి తగ్గట్టు సర్దుకుంటుంది, ఆ హాయి అంతా దాంట్లోంచి వచ్చిందే. కానీ గది వేడికి కూడా అలాగే మెత్తబడుతుంది కదా! మీరు షోరూమ్‌లో ఏసీ చల్లదనంలో పడుకుని చూశారు, అదే పరుపు మే నెలలో రాత్రి కరెంటు పోయి గోడలు సెగలు కక్కుతున్నప్పుడు ఇంకా లోపలికి దిగుతుంది, దిగినకొద్దీ ఒంటి చుట్టూ గాలి ఆడదు, చెమట పడుతుంది. అంచేత షోరూమ్‌లో మీకు సరిగ్గా సరిపోయినదానికంటే ఒక పిసరు గట్టిగా ఉన్నది తీసుకోండి. జెల్ కలిపాం చల్లగా ఉంటుంది అంటారు, పడుకున్న కాసేపు చల్లగానే ఉంటుంది, తర్వాత ఆ జెల్ కూడా మీ ఒంటి వేడికి వచ్చేస్తుంది, దానికోసం ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు. రాత్రంతా ఏసీ వేసుకునే ఇల్లయితే ఈ బాధ చాలావరకు ఉండదు, ఫ్యాన్ మీదే గడిపే ఇల్లయితే మటుకు మందంగా మెమరీ ఫోమ్ ఉన్న పరుపు వద్దని గట్టిగా చెప్తాను. మన పాత బూరుగు దూది పరుపులు ఎండాకాలం ఎంత సుఖంగా ఉండేవో మీకు తెలిసే ఉంటుంది, గాలి ఆడటమే అక్కడ కిటుకు.

ఇక నడుం నొప్పి. మన ఇళ్ళల్లో నడుం పట్టేసింది అనగానే కింద చాప వేసుకుని పడుకోమంటారు, డాక్టర్లు కూడా చాలాకాలం గట్టి పడకే చెప్పేవాళ్ళు. స్పెయిన్‌లో ఎప్పట్నుంచో నడుం నొప్పితో బాధపడుతున్న 313 మందికి సగం మందికి గట్టి పరుపు, సగం మందికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చి మూడు నెలలు చూస్తే మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది, 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది ఇది. మరీ గట్టిగా ఉంటే నడుం ఒంపు కింద ఆధారం ఉండదు, మరీ మెత్తగా ఉంటే తుంటి దిగిపోయి నడుం వంగిపోతుంది. షోరూమ్‌లో వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి దూర్చి చూడండి. సులువుగా దూరిపోయి ఇంకా ఖాళీ ఉంటే అది మీకు గట్టిది, అసలు దూరకపోతే మెత్తది, కొంచెం ఒత్తుకుంటూ వెళ్తే సరిపోయినట్టే. మీకు పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే అలాగే కనీసం పదిహేను నిమిషాలు పడుకుని చూడండి, సేల్స్ అబ్బాయి నిలబడి ఉన్నాడని మొహమాటపడి రెండు నిమిషాల్లో లేచేయకండి.

అసలు నేను అందరికీ చెప్పేది ఒక్కటే, మెమరీ ఫోమ్ పరుపు అని అమ్మేదాంట్లో మెమరీ ఫోమ్ పైన ఒకటో రెండో అంగుళాలే ఉంటుంది, మిమ్మల్ని మోసేది కింద ఉన్న నాలుగైదు అంగుళాల మామూలు ఫోమ్. నాలుగేళ్ళకే మధ్యలో గుంట పడిందంటే చాలాసార్లు కుంగింది ఆ కింద పొరే. కాబట్టి "ఎన్ని అంగుళాల పరుపు" అని కాదు, "ఏ పొర ఎన్ని అంగుళాలు, ఒక్కోదాని డెన్సిటీ ఎంత" అని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. డెన్సిటీ అంటే గట్టిదనం కాదండి, ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. మెత్తగా ఉండి కూడా డెన్సిటీ ఎక్కువ ఉండొచ్చు, అదే ఎక్కువ కాలం వస్తుంది. పై పొర 50 అయినా ఉంటే బాగుంటుంది. ఆర్థోపెడిక్ అని పేరు పెట్టారని మోసపోకండి, ఆ మాట ఎవరైనా వేసుకోవచ్చు, చాలావాటిల్లో లోపల ఉండేది రీబాండెడ్, అంటే ఫోమ్ ముక్కలన్నీ జిగురుతో అతికించి గట్టిగా నొక్కింది. అది చెడ్డదని కాదు, కింద పొరగా బాగానే పనిచేస్తుంది, ఒక్కటే అయితే చాలామందికి మరీ గట్టి.

మీ అత్తయ్యగారికి మాత్రం మెమరీ ఫోమ్ తీసుకోవద్దు. ఒళ్ళు దిగిపోయే పరుపు మీద పక్కకి తిరగాలన్నా లేవాలన్నా ఎక్కువ బలం కావాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేవడమే పెద్ద పని. ఆవిడకి మధ్యరకం గట్టిదనం ఉన్న మామూలు మంచి ఫోమ్ పరుపో లేటెక్స్ అనే రబ్బరు ఫోమ్‌దో చూడండి, అంచు మీద కూర్చుంటే అంచు జారిపోకూడదు, పాదాలు రెండూ నేలకి ఆనాలి. మంచం ఎత్తుగా ఉండి దాని మీద పది అంగుళాల పరుపు వేస్తే కాళ్ళు వేలాడతాయి, అప్పుడు ఆరు అంగుళాలదే నయం. ఆవిడని షోరూమ్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టి లేపి చూడండి, ఆవిడ పరుపు ఆవిడే ఎంచుకోవాలి.

కొలత మాత్రం పాత పరుపుది కాదు, మంచం లోపల వైపు టేపుతో కొలుచుకోండి. ఇప్పుడు ఎక్కువగా 72 బై 78 అంగుళాలు దొరుకుతున్నాయి, పాత టేకు మంచాలు 72 బై 75 ఉంటాయి, ఆ మూడంగుళాలు పట్టక ఫోమ్ మడతపడి పాడవుతుంది.

ప్రశ్న: అద్దె ఇంట్లో ఓనర్ ఇచ్చిన పరుపు మధ్యలో గుంట పడింది. కొత్తది కొనే ఉద్దేశం లేదు, రెండు అంగుళాల మెమరీ ఫోమ్ టాపర్ వేస్తే సరిపోతుందా?
— ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: సరిపోదండి. టాపర్ అంటే ఉన్న పరుపు మీద పరిచే పలచటి పొర, అది కింద ఎలా ఉంటే అలాగే వంగుతుంది, గుంట మీద వేస్తే గుంటలోకే దిగుతుంది. పరుపు చదునుగా ఉండి మరీ గట్టిగా ఉంటేనే టాపర్ పనికొస్తుంది, అలాంటి చోట నిజంగా బాగా పనికొస్తుంది. ముందు పరుపు తీసి మంచం పలకలు చూడండి, కొన్నిసార్లు ప్లైవుడ్ కిందికి వంగిపోయి ఉంటుంది, తప్పు పరుపుది కాదు.

ఎప్పుడైనా టాపర్ కొంటే ఇంటికి రాగానే తూకం వేయండి. 72 బై 78 సైజులో రెండు అంగుళాలది, 50 డెన్సిటీ అని చెప్పి అమ్మితే ఫోమ్ ఒక్కటే సుమారు 9 కిలోలు ఉండాలి. ఐదున్నర కిలోలే తూగితే అది 30 డెన్సిటీ, వెంటనే వెనక్కి పంపేయండి. చుట్టి గాలి తీసేసి పంపిస్తారు కాబట్టి విప్పాక పూర్తిగా పొంగడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, వాసన పోవడానికి కిటికీలు తీసి ఉంచండి. దూది పరుపులా మేడ మీద ఎండలో మాత్రం వేయకండి, ఎండకి ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలిపోతుంది, నీడలో గాలికి నిలబెడితే చాలు. పైన నూలు దుప్పటే వేసుకోండి, ప్లాస్టిక్ షీటు వేస్తే ఉన్న కాస్త గాలి కూడా ఆగిపోతుంది.

ప్రశ్న: ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వచ్చాను అండి. రూమ్‌మేట్ వదిలేసిన చవక మెమరీ ఫోమ్ పరుపు నాకొచ్చింది. జిప్ ఉంది కదా, పై కవర్ తీసి వాషింగ్ మెషీన్‌లో వేద్దామనుకుంటున్నా, పర్లేదా?
— ఒక విద్యార్థి

జవాబు: ఆగు తమ్ముడూ, జిప్ ముట్టుకోకు. అక్కడ పరుపులు మంటకి తట్టుకోవాలని రూలు ఉంది, దానికోసం కొన్ని చవక పరుపుల్లో కవర్ కింద గాజు పీచు పొర పెడతారు. కవర్ తీస్తే ఆ సన్నటి గాజు నూలు గదంతా ఎగిరి బట్టల్లో, ఏసీ గొట్టాల్లో చేరి ఒంటికి దురద, దగ్గు మొదలవుతాయి. పరుపుకి కుట్టిన లేబుల్ చదువు, గ్లాస్ ఫైబర్ అని గానీ కవర్ తీయొద్దని గానీ ఉంటే దానిపైన ఇంకో జిప్ కవర్ తొడిగేసి వాడుకో, లేదా వదిలించుకో. లేబుల్ చిరిగిపోయి కనపడకపోతే ఉందనే అనుకో. కాలిఫోర్నియాలో 2027 నుంచి ఇలాంటి పరుపులు అమ్మకూడదని చట్టం చేశారు, టెక్సాస్‌లో మాత్రం లేబుల్ నువ్వే చూసుకోవాలి.