కొత్తగా డీఎం చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వచ్చే ఆదివారం నుంచి మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆటలో కథ నడిపే డంజన్ మాస్టర్, అదే డీఎం, నువ్వే అంట కదా, మ్యాపులు గీశావు, రాజుల వంశాలు కూడా రాసేశావంట, బానే ఉంది గానీ ఆ నోట్స్ సగం ఖాళీగా వదిలెయ్.

డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో పాత్రలకి ఏం తెలుసో చెప్పే ఆర్కానా (మంత్రవిద్య), హిస్టరీ, నేచర్, రెలిజియన్ అని స్కిల్స్ ఉన్నాయి కదా. చాలా చోట్ల జరిగేదేంటంటే ప్లేయర్ రోల్ (పాచిక) వేస్తాడు, 15 దాటగానే డీఎం నోట్స్ తీసి పాఠం చదువుతాడు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఆ స్కిల్ తీసుకున్నందుకు పాపం వాడికి దక్కింది క్లాసులో కూర్చోవడం!

నువ్వు తిప్పి వాళ్లనే అడుగు. పాడుబడ్డ గుడి తలుపు మీద ఏదో గుర్తుంది, రెలిజియన్ రోల్ 17 పడింది, "ఇది ఏ దేవుడిది, నీకెలా తెలుసు?" అను. ఆ రోల్ వేసిన పిల్ల "నీళ్లలో పోయినవాళ్ల దేవత, మా నాయనమ్మ పడవ మీద ఇదే గీసేది" అందనుకో, ఇక నీ లోకంలో అదే నిజం, అక్కడికక్కడే రాసుకో, తర్వాత ఎప్పుడో ఆ పడవని కథలోకి తెచ్చావంటే ఆ పిల్ల మొహం చూడాలి.

ఇదేం నా తెలివి కాదులే. 2002లో వచ్చిన బర్నింగ్ వీల్ అనే ఇలాంటి ఇంకో ఆటలో వైజెస్ అని స్కిల్స్ ఉంటాయి, ప్లేయరే ఫలానాది ఇలా ఉంటుంది అని చెప్పి రోల్ వేస్తాడు, గెలిస్తే అది నిజమైపోతుంది. డంజన్ వరల్డ్ అనే ఆటలో విషయం చెప్పేది జీఎమ్మే (అక్కడ డీఎంని అలా అంటారు), కాకపోతే "నీకిది ఎలా తెలిసింది" అని ప్లేయర్‌ని అడగొచ్చు, నాకైతే కొత్తవాళ్లతో అదే ఈజీ అనిపిస్తుంది.

అలాగని అన్నీ వదిలెయ్యకు. హంతకుడెవరో రోల్ వేసి తేల్చేస్తానంటే కుదరదు, అది నీ దగ్గరే ఉండాలి. ఒక రోల్‌కి ఒక్క సంగతే. ఎవడో ఒకడు "ఈ డ్రాగన్ ఉల్లిపాయ వాసనకే చస్తుంది" అంటాడు, గ్యారంటీగా అంటాడు, కాదనకు, "ఊళ్లో అలా చెప్పుకుంటారు, నిజమో కాదో దగ్గరికెళ్లి చూసుకో" అను. రోల్ పోతే కూడా "నీకేం తెలీదు" అని ఊరుకోకుండా పక్కవాడిని ఒక తప్పుడు పుకారు చెప్పమను, ఆ పుకారు నమ్మి వీళ్లు చేసే పనులుంటాయి చూడు, అసలు మజా అక్కడే.

సిగ్గుపడేవాళ్లు ఉంటారు, ఠక్కున అడిగితే బిగుసుకుపోతారు, వాళ్లకి రెండు ఆప్షన్లిచ్చి ఒకటి ఎంచుకోమను. ఇంకోటి, మొదటి రోజే దేవుళ్ల గురించి అడక్కు, ఈ సత్రంలో ఏ కూర ఫేమస్సు, ఈ ఊరోళ్లకి పక్కూరితో గొడవ దేనికి, అలాంటివి అడుగు.