మలుపుల రోడ్డుకు రెండో బైక్: 650 సీసీనా, 900 సీసీనా?

ఇప్పటికే క్రూయిజర్ (దూర ప్రయాణాలకు వాడే పొడవాటి, బరువైన బైక్) ఉంది, అది మలుపుల్లో సరిగా తిరగడం లేదు, రెండో బైక్‌గా 650 సీసీ కొనాలా, 900 సీసీ కొనాలా అని అడిగారు కదా. మీ క్రూయిజర్ హెయిర్‌పిన్ (U ఆకారపు) మలుపుల్లో తిరగనని మొండికేయడానికి కారణం పవర్ చాలకపోవడం కాదు, దాని పొడవు, బరువు. 900 సీసీ కొని పవర్ పెంచినంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు. 650 కూడా అవసరం లేదు.

1. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య బిందువుల మధ్య దూరం) 1,400 మి.మీ. లోపు, పెట్రోల్‌తో కలిపి బరువు 170 కిలోల దగ్గర ఉన్నది వెతకండి. 300–400 సీసీ సింగిల్ సిలిండర్ నేకెడ్ బైక్ (ఇంజిన్ చుట్టూ కవర్లు లేని బైక్) ధారాళంగా సరిపోతుంది.

2. 17 అంగుళాల చక్రాలు, వెడల్పాటి హ్యాండిల్‌బార్ ఉన్నది చూడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. టెస్ట్ రైడ్ తిన్నని రోడ్డు మీద చేసి, పికప్ బాగుందని వచ్చేస్తారు. మీరు ఖాళీ స్థలంలో రెండో గేర్‌లో, నెమ్మదిగా, చిన్న గుండ్రంగా తిప్పండి. బండి వంగి ఉండగానే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, మళ్లీ వెంట్రుకవాసి తెరవండి. సాఫీగా అందుకుంటే మంచి బండి. ఒక్కసారిగా కుదిపితే వద్దు. మలుపు మధ్యలో ఆ కుదుపే మిమ్మల్ని ఎదుటి లేన్‌లోకి నెట్టేయవచ్చు, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

4. టెస్ట్ రైడ్ మొదలుపెట్టేలోపే రెండు టైర్లలో గాలి చూడండి. ముందు టైర్‌లో తగ్గితే ఎంత మంచి బండైనా బరువుగా తిరుగుతుంది.

క్రూయిజర్ మాత్రం అమ్మకండి, దూర ప్రయాణాలకు అదే సుఖం.