ల్యాప్‌టాప్‌కి ఎంత ర్యామ్ పడుతుంది, మీకెంత కావాలి

మన దేశం నుంచి ఇక్కడికి చదువుకోవడానికి కొత్త బ్యాచ్ రావడానికి రెండు నెలల ముందు నుంచే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. ఇల్లు దొరుకుతుందా, చలికి ఏం తెచ్చుకోవాలి లాంటివి అయ్యాక చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ చాలా, 16 తీసుకోవాలా? మా ఫ్రెండ్ 32 తప్ప వేరేది వద్దంటున్నాడు." ర్యామ్ అంటే, మెమరీ అన్నా అదే, తెరిచి ఉన్న ప్రోగ్రాములూ ఫైళ్లూ పని జరుగుతున్నంతసేపు కూర్చునే చోటు.

వచ్చాక నువ్వు చేసే పనేంటి అని తిరిగి అడుగుతాను. సగం మంది దగ్గర జవాబు ఉండదు. కోర్సు మొదలవకుండా ఎలా ఉంటుంది? అందుకే, ఇప్పుడున్న ల్యాప్‌టాప్ ఓ మాదిరిగా నడుస్తుంటే దాంతోనే వచ్చేయమంటాను. మొదటి నెల గడిచేసరికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో, పని మీ మెషీన్ మీద చేయాలో యూనివర్సిటీ సర్వర్ మీద చేయాలో తేలిపోతుంది. 32 జీబీది కొనుక్కుని వచ్చి, రెండేళ్లూ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే గడిపినవాళ్లు నాకు తెలుసు. అక్కడ లెక్కలన్నీ సర్వర్ చేస్తుంది, మీ ల్యాప్‌టాప్ బొమ్మ చూపిస్తుందంతే. దానికి 8 కూడా ఎక్కువే. పైగా ఒక దేశంలో కొన్న ల్యాప్‌టాప్‌కి ఇంకో దేశంలో వారంటీ అన్నిసార్లూ వర్తించదు.

ఇక అసలు విషయం. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మెషీన్‌కి ఎంత వరకు పడుతుంది అన్నది ఒకటి, మీ పనికి ఎంత కావాలి అన్నది ఇంకొకటి. మొదటిది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నేను వచ్చిన కొత్తలో నా దగ్గరున్నది 2 జీబీ ల్యాప్‌టాప్. మరీ స్లో అవుతోందని, ఉన్నవి తీసేసి రెండు 2 జీబీ ర్యామ్ స్టిక్‌లు (చిప్‌లుండే చిన్న పలకలు) కొని వేశాను. మొత్తం 4. ఆన్ చేసి చూస్తే వాడుకోదగ్గది 3.2 అని చూపిస్తోంది. నకిలీ సరుకు అంటగట్టారని కోపంగా షాపుకి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు ఆ స్టిక్‌లే ఇంకో మెషీన్‌లో పెట్టి చూపించాడు, 4 కనిపించింది. "మీ విండోస్ 32 బిట్‌ది సార్" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కావడానికి ఓ వారం పట్టింది.

సంగతేమిటంటే, మెమరీలో ప్రతి బైటుకీ ఇంటి నంబరు లాంటి ఒక అడ్రసు ఉంటుంది. 32 బిట్లతో రాయగలిగే నంబర్లు 429 కోట్ల పైచిలుకు, అంటే సరిగ్గా 4 జీబీకి సరిపడా. ఆ నంబర్లలోనే కొన్ని గ్రాఫిక్స్‌కీ ఇతర పరికరాలకీ కేటాయించాలి. వాటికి పోగా మిగిలిన నంబర్లకే ర్యామ్ దక్కుతుంది. నా స్టిక్‌లో దాదాపు 0.8 జీబీ నంబర్లు లేని ఇళ్లలా ఖాళీగా పడి ఉందన్నమాట. 64 బిట్ విండోస్ వేసుకున్నాక అదే మెషీన్‌లో అదంతా కనిపించింది.

ఇప్పుడు కొనేవాటికి ఈ బాధ లేదు. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. హోమ్ ఎడిషన్ 128 జీబీ వరకు వాడుకుంటుంది, ప్రో అయితే 2 టీబీ వరకు. ల్యాప్‌టాప్‌లో అంత పెట్టేవాళ్లు అరుదు కాబట్టి విండోస్ వల్ల వచ్చే పరిమితిని మర్చిపోవచ్చు. సీనియర్ల దగ్గర పాత మెషీన్ తీసుకుంటున్నవాళ్లు మాత్రం ఒకసారి చూసుకోండి. విండోస్ 7 హోమ్ ప్రీమియం 64 బిట్‌దైనా 16 దాటి వాడుకోదు. అయినా ఆ వయసు మెషీన్‌ని ఉచితంగా ఇచ్చినా నేనైతే తీసుకోను.

ఈ రోజుల్లో హద్దు గీసేది ప్రాసెసర్, బోర్డు మీద స్టిక్‌లు గుచ్చే స్లాట్లు, బయోస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం). ప్రాసెసర్ ఎంత మెమరీని తీసుకోగలదో దాని కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొడితే ఉంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చే షీట్‌లో కొన్నిసార్లు అంతకన్నా తక్కువ రాసి ఉంటుంది. చాలాసార్లు ఆ మోడల్ విడుదలైనప్పుడు దొరికిన పెద్ద స్టిక్‌తో పరీక్షించి రాసిన అంకె అది. తర్వాత ఇంకా పెద్ద స్టిక్‌లు వస్తే చాలా మెషీన్లు వాటినీ తీసుకుంటాయి. అయితే తీసుకుంటుందనే హామీ ఎవరూ ఇవ్వరు. ఆ ప్రయోగం చేసేవాళ్లు, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి.

స్లాట్ల సంగతి మెషీన్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద కుడివైపు "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని ఉంటే ఒకటి ఖాళీ. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "ఎస్ఓడిమ్" అని ఉంటే తీసి మార్చే స్టిక్. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే చిప్‌లు బోర్డుకే అతికించేసి ఉన్నాయని అర్థం. షాపులో డిస్‌ప్లేకి పెట్టిన పీస్ మీద కూడా ఈ మూడు కీలూ నొక్కి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కొన్నింట్లో 8 అతికించేసి, పక్కన ఒక స్లాట్ వదులుతారు. అది మంచి ఏర్పాటే.

కొనేముందు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. సన్నగా, తేలికగా ఉండేవాటిలో ఎక్కువ శాతం అతికించినవే. షీట్‌లో ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటు వాడే ర్యామ్ రకం) అని ఉంటే దాదాపు అదే సంగతి. యాపిల్ మ్యాక్‌బుక్‌లు చాలా ఏళ్లుగా అంతే. 2020 చివర్లో యాపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 వచ్చాక మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోకే వెళ్లిపోయింది. గ్రాఫిక్స్ కూడా ఆ మెమరీనే పంచుకుంటుంది. ఎం1కి ముందు, తర్వాత కూడా చాలాకాలం 8తోనే అమ్మి, చివరికి 2024 అక్టోబర్లో మ్యాక్‌బుక్ ఎయిర్‌కి కూడా 16ని మొదటి మెట్టు చేశారు. అంటే వాడేవాళ్లకి 8 చాలడం లేదని వాళ్లే ఒప్పుకున్నట్టు లెక్క. తీసి మార్చగలిగే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం వచ్చింది గానీ, అది ఉన్న మోడళ్లు ఇంకా తక్కువే.

కాబట్టి అతికించినదైతే మీకు కావాలనుకున్నదానికన్నా ఒక మెట్టు పైది తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత చేయగలిగిందేమీ ఉండదు. స్లాట్లున్నదైతే తొందరేం లేదు. ఇప్పటికి చాలినంత తీసుకుని, ఇరుకైనప్పుడు పెంచుకోవచ్చు.

ఇక రెండో ప్రశ్న. విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్తుంది. ఆ 4తో మెషీన్ ఆన్ అవుతుంది, దాంతో పని చేయాలంటే మాత్రం మీకు ఓపిక చాలా ఉండాలి. ఏమీ తెరవకుండానే విండోస్ 3, 4 జీబీ తీసుకుంటుంది. దాని మీద బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు, ఒక వీడియో కాల్, ఒక పీడీఎఫ్, ఒక వర్డ్ ఫైల్ పెడితే 8 అంచుకి వచ్చేస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటిలో గ్రాఫిక్స్ కూడా ఇందులోంచే కొంత పట్టుకుపోతుంది.

అంచు దాటితే ఏమవుతుంది? మెషీన్ ఆగిపోదు. అప్పటికి వాడనివాటిని తీసి ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే, చిప్‌లతో చేసిన డిస్క్) మీద పెట్టుకుని, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఎస్ఎస్‌డీ నుంచి అయితే కొన్ని వందల రెట్లు ఎక్కువ పడుతుంది. పాత తరహా హార్డ్ డిస్క్ అయితే లక్ష రెట్లు. కాల్‌లో మాట్లాడుతూ ట్యాబ్ మారిస్తే తెర తెల్లబోయి రెండు క్షణాలు ఆగుతుంది చూశారూ, అప్పుడు జరిగేది చాలాసార్లు ఇదే. మీ మెషీన్‌లో ఇంకా హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం ర్యామ్ సంగతి తర్వాత, ముందు ఎస్ఎస్‌డీ వేయించండి.

టాస్క్ మేనేజర్‌లో 70 శాతం వాడకం కనిపించగానే కంగారు పడి ఫోన్ చేసేవాళ్లున్నారు. ఎక్కువ ర్యామ్ ఉంటే విండోస్ ఎక్కువే వాడుతుంది. ఖాళీగా ఉన్నదాన్ని మీరు తరచూ తెరిచే ఫైళ్లతో నింపి పెట్టుకుంటుంది, అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ర్యామ్‌ని శుభ్రం చేస్తామని చెప్పే యాప్‌లు ఆ నింపుకున్నదాన్ని ఊడ్చేస్తాయి, ఆనక మెషీన్ దాన్ని మళ్లీ మోసుకురావాలి. అవి వేసుకోకండి.

చూడాల్సింది అదే పేజీలో "కమిటెడ్" అని ఉండే అంకె. 14.1/18.3 అన్నట్టు ఉంటుంది. మొదటిది మీ ప్రోగ్రాములన్నీ కలిపి అడిగింది. రెండోది ర్యామ్, డిస్క్ మీద కేటాయించిన చోటు కలిపితే వచ్చే మొత్తం. మామూలుగా పని చేసుకునే రోజు, అన్నీ తెరిచి ఉన్నప్పుడు, రోజుకి రెండుసార్లు ఆ మొదటి అంకె ఒక కాగితం మీద రాసుకోండి. వారం అయ్యాక చూడండి. ఎప్పుడూ మీ ర్యామ్ కన్నా తక్కువే ఉంటే మీకు కొత్త ర్యామ్ అక్కర్లేదు. తరచూ దాటుతూ, మెషీన్ కూడా తడబడుతుంటే అప్పుడు కొనండి. మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ చూస్తే చాలు. పచ్చగా ఉంటే నిశ్చింత, ఎర్రబడితే ఇరుకు.

డేటా కోర్సుల వాళ్లు కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు. కోటి వరుసలు, 20 నిలువు వరుసలున్న టేబుల్ అనుకుందాం, అన్నీ దశాంశ అంకెలే. ఒక్కో అంకెకి 8 బైట్లు. మొత్తం 160 కోట్ల బైట్లు, అంటే 1.6 జీబీ. ఇంతేగా అనిపిస్తుంది. కానీ పాండాస్‌లో (పైథాన్‌లో టేబుళ్లతో పని చేయడానికి వాడేది) ఒక మెర్జ్ చేస్తే, అంటే రెండు టేబుళ్లు కలిపితే, కాపీలు పుడతాయి, రెండు మూడు రెట్లవుతుంది. అక్షరాలున్న నిలువు వరుసలైతే ఇంకా లావు. కోడ్ రాసే నోట్‌బుక్‌లో పాత వేరియబుల్స్ (డేటాకి పెట్టిన పేర్లు) అలాగే వదిలేస్తే అవీ కూర్చునే ఉంటాయి. 16 జీబీ మెషీన్‌లో హ్యాంగ్ అయిందని ఒక చెల్లెలు ఏడుపు మొహంతో వచ్చింది. చూస్తే ఒకే డేటా ఆరు పేర్లతో ఆరుసార్లు ఉంది. ఐదింటిని తీసేస్తే మామూలైపోయింది.

ఏఐ మోడళ్లని సొంత మెషీన్ మీద నడపాలని సరదా ఉన్నవాళ్లకీ ఇలాంటి లెక్కే. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల దాచుకునే అంకెలు) మోడల్‌కి ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున 14 జీబీ కావాలి. 4 బిట్లకి కుదించినదైతే 3.5, పైన ఇంకొంచెం. గ్రాఫిక్స్ కార్డు మీద నడిపితే చూడాల్సింది ఆ కార్డు సొంత మెమరీని. ల్యాప్‌టాప్‌లో 64 జీబీ ఉన్నా కార్డులో 6 ఉంటే, కార్డు లెక్క 6తోనే.

యాప్‌లు తయారుచేసేవాళ్లకి ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్) కలిపి 16 ఉండాలి. వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్లు) రెండు మూడు ఒకేసారి నడిపేవాళ్లు, డాకర్‌తో (ప్రోగ్రాముల్ని వేటికవి విడిగా నడిపే సాధనం) రోజంతా పని ఉన్నవాళ్లు 32కి వెళ్లొచ్చు. విండోస్‌లో లైనక్స్‌ని డబ్ల్యూఎస్ఎల్2 అనే విండోస్ సదుపాయంతో నడిపితే మామూలు సెట్టింగ్‌లో అది మొత్తం మెమరీలో సగం దాకా తీసుకోగలదు. మిగతా అందరికీ, అంటే చదువు, అసైన్‌మెంట్లు, ఉద్యోగాల వేట, సినిమాలు, ఇంటికి వీడియో కాల్స్, నా మాట 16. 8తో కొత్తది కొనొద్దు. 64 అడిగేవాళ్లని ఎందుకని అడిగితే ఇప్పటిదాకా ఒక్కరే సరైన కారణం చెప్పారు. ఆయన వీడియో ఎడిటర్.

స్టిక్ కొనేటప్పుడు రకం తప్పకూడదు. డీడీఆర్3, 4, 5 అనేవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన ర్యామ్ తరాలు. ల్యాప్‌టాప్ డీడీఆర్3కి 204 పిన్‌లు, 4కి 260, 5కి 262. మధ్యలో గాడి ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒకదానిలో ఇంకొకటి దూరదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. ఒకటే 16 కన్నా రెండు 8లు వేస్తే మెమరీకి రెండు దారులు తెరుచుకుని, ముఖ్యంగా గ్రాఫిక్స్ బాగుంటుంది. రేపు 32 చేయాలనుకుంటే మాత్రం ఒకటే 16 కొని ఇంకో స్లాట్ ఖాళీగా ఉంచుకోవడం లాభం.

వేసుకోవడం పెద్ద పనేం కాదు. ముందు మూత విప్పితే వారంటీ పోతుందేమో చూసుకోండి. ఛార్జర్ పీకి, మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి. స్టిక్‌ని అంచులతో పట్టుకుని ఏటవాలుగా గుచ్చాలి. బంగారు రంగు గీతలు దాదాపు కనబడకుండా లోపలికి పోయాక కిందికి నొక్కితే, రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. ఆ చప్పుడు రాలేదంటే సరిగ్గా కూర్చోలేదు.

డీడీఆర్5 మెషీన్ అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉండొచ్చు. కొత్త మెమరీని మెషీన్ పరీక్షించుకుని సర్దుకుంటోందన్నమాట, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. నా రూమ్మేట్‌కి ఇది తెలియక టెన్షన్ పడి, మూడుసార్లు మధ్యలో ఆపి, స్టిక్ పీకి, మళ్లీ పెట్టి, ల్యాప్‌టాప్ పోయిందని తల పట్టుకున్నాడు. నాలుగోసారి విసుగొచ్చి అలాగే వదిలేసి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి లాగిన్ స్క్రీన్ ఎదురుచూస్తోంది.

32 తప్ప వేరేది వద్దన్న ఫ్రెండ్ ఉన్నాడే, అతని మాట విని ఫోన్ చేసిన తమ్ముడు చివరికి రెండు స్లాట్లున్న 16 జీబీది కొన్నాడు. మొన్న వారం లెక్క రాసి ఫొటో పంపాడు. అన్నిటికన్నా ఎక్కువ కమిటెడ్ 12.6, అదీ ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి. ర్యామ్ ఊసే ఎత్తలేదు. బ్యాటరీ మూడు గంటలే ఎందుకొస్తోందన్నా అని అడిగాడు. స్క్రీన్ వెలుతురు ఎంత పెట్టావంటే, ఫుల్ అన్నాడు.