సైకిల్‌కి మూడున్నర లక్షలు పెట్టే ముందు

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. తెల్లవారుజామున నాలుగున్నరకే సైకిలెక్కి వెళ్లిపోతాడు. ఆదివారమైతే నూట ఇరవై కిలోమీటర్లు తొక్కి వస్తాడు. ఎంసెట్ రాయనంటాడు, టూర్ ద ఫ్రాన్స్ అంటాడు. మూడున్నర లక్షల కార్బన్ సైకిల్ కావాలట. ఇంట్లో రోజూ టెన్షనే. ఇది అసలు కెరీర్ అవుతుందా? - ఒక తండ్రి

జవాబు: అవుతుంది సార్. కాకపోతే ఆ కెరీర్ ఉన్నది ఇక్కడ కాదు, బెల్జియం, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో. మీవాడు పోటీ పడాల్సింది చిన్నప్పటి నుంచే రేసులు తొక్కుతున్న అక్కడి పిల్లలతో.

ముందు జీతాల సంగతి. జట్లకు మూడు మెట్లు. పైన వరల్డ్‌టూర్, అందులో మగవాళ్ల జట్లు 18. దాని కింద ప్రోటీమ్‌లు, అడుగున కాంటినెంటల్ జట్లు. పై రెండు మెట్లకూ కనీస జీతం నిబంధన ఉంది. వరల్డ్‌టూర్‌లో అది ఏడాదికి 40 వేల యూరోల పైమాటే, కొత్తగా చేరినవాళ్లకు కొంచెం తక్కువ. కాంటినెంటల్ జట్లకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అలాంటిదేమీ పెట్టలేదు. సైకిల్, బట్టలు, దారిఖర్చులు వస్తే చాలనుకుని తొక్కేవాళ్లు అక్కడ ఉంటారు. మనవాళ్లలో నవీన్ జాన్ 2017లో ఆస్ట్రేలియాకు చెందిన కాంటినెంటల్ జట్టు తరఫున తొక్కారు. టూర్ ద ఫ్రాన్స్‌లో ఇంతవరకు ఏ భారతీయుడూ పాల్గొనలేదు.

అలాగని తలుపు మూసేసి లేదు. ఎరిత్రియా కుర్రాడు బినియమ్ గిర్మాయ్ స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో సమాఖ్య నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి జట్లకు ఎక్కాడు. 2024 టూర్‌లో మూడు స్టేజీలు (ఒక్కో రోజు రేసు ఒక స్టేజీ), పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు.

ఇక మీవాడు టీవీలో చూసేది మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఒక్కటే అనుకుంటా. టూర్‌లో జట్టుకి ఎనిమిది మంది. గెలవడానికి తొక్కేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు ముందుండి గాలిని చీలుస్తారు, లీడర్ వాళ్ల వెనక దాక్కుంటాడు. నీళ్లు అయిపోతే వాళ్లలో ఒకడు వెనక్కి జారి టీమ్ కారు దగ్గర ఆరేడు సీసాలు తీసుకుంటాడు. వాటిని వీపు జేబుల్లో, మెడ దగ్గర జెర్సీలో కుక్కుకుని మళ్లీ గుంపు ముందుకి తొక్కుతాడు. జీతం ఆ పనికే. ఆ సీసాలు మోసే ఉద్యోగం వస్తే చేస్తావా అని అడిగి చూడండి.

ఒంటరిగా తొక్కిన స్పీడు చూసి మాత్రం మోసపోకండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఖాళీ రోడ్డు మీద గంటకు నలభై లాగేవాడు. మొదటి రేసులో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో ఉండటానికి భయపడ్డాడు. ప్రతి మలుపులో ముందే బ్రేకు పట్టడం, దూరం పెరిగాక దాన్ని పూడ్చడానికి గట్టిగా తొక్కడం. ఇరవై కిలోమీటర్లు తిరక్కుండానే తెగిన గాలిపటంలా వెనక పడ్డాడు. కాళ్లలో బలం అలాగే ఉంది, గుంపులో తొక్కడమే రాలేదు. అది రేసులు తొక్కితే తప్ప రాదు.

చదువు మానేస్తే తప్ప కుదరదన్న మాట నేను ఒప్పుకోను. నవీన్ జాన్ అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతూ సైకిలెక్కినవారే. స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ ఇరవై దాటేదాకా స్కీ జంపర్, ఆ తర్వాత స్పెయిన్ టూర్ వుయెల్టా నాలుగుసార్లు గెలిచాడు. అయితే ఈమధ్య పెద్ద జట్లు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లల్ని తీసేసుకుంటున్నాయి. అందుకే 19 నుంచి 22 వరకు, అంటే అండర్-23 వయసు, మీవాడికి అసలైన గడువు అనుకోండి.

ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) రాయించండి. సీటు హైదరాబాద్‌లో వస్తే మంచిది: ఉస్మానియాలో 2002 జాతీయ క్రీడలకు కట్టిన వెలోడ్రోమ్, అంటే సైకిల్ రేసుల ట్రాక్ ఉంది, ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. హైవే మీద చీకట్లో లారీల మధ్య తొక్కడం కన్నా అది నయం. ఈలోగా వెనక లైటు లేకుండా మాత్రం బయటికి పంపకండి.

కార్బన్ సైకిల్ ఇప్పుడొద్దు. సెకండ్‌హ్యాండ్ అల్యూమినియం రోడ్ బైక్ చాలు. ముందు వాడి పవర్ కొలిపించండి, అంటే కిలో బరువుకి ఎన్ని వాట్లు అన్నది. కొండలెక్కే మేటి రైడర్లు అరగంట పైగా కిలోకి ఆరు వాట్లు, ఆ పైన కూడా లాగుతారు. రెండేళ్లు పద్ధతిగా శిక్షణ తీసుకున్నాక కూడా నాలుగున్నర దాటకపోతే యూరప్ మాట పక్కన పెట్టేయమంటాను. దాటితే ఒక వేసవి బెల్జియం పంపండి. అక్కడ ఊళ్ల చుట్టూ తిరిగే కెర్మెస్ రేసులు వారంలో చాలా రోజులు ఉంటాయి. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, అందుకు తగ్గట్టు ప్లాన్ చేసుకోవాలి.

యూరప్ కుదరకపోయినా జాతీయ పతకం వస్తే రైల్వేస్, ఆర్మీ స్పోర్ట్స్ కోటా ఉంది. జాతీయ పోటీల్లో డోపింగ్ పరీక్షలుంటాయి. జిమ్ షాపు పొడులు ఇప్పుడే ఆపించండి. డబ్బాలో ఏం కలిసినా తప్పు తాగినవాడిదే అవుతుంది.

ఈ సీజన్‌లో వాడికి ఒక్క రాష్ట్రస్థాయి రోడ్ రేసు పేరు రాయించండి. మీరూ వెళ్లి ఏదో ఒక మలుపు దగ్గర నిలబడండి. ఎన్నో స్థానమో నాకు అక్కర్లేదు. ప్రతి రౌండుకీ వాడు గుంపులోనే ఉన్నాడా, వెనక పడ్డాడా అన్నది రాసి పంపండి, సైకిల్ గురించి అప్పుడు మాట్లాడదాం.